ఈ వానలకు నువ్వు నాటవు

లిలాంగ్వే,
9 అక్టోబర్ 2011

మామయ్యకు,

బాగా నిద్ర లేచారా? మీరు బాగా లేస్తే నేనూ లేచినట్టే. ఇక్కడ ఎండకు రోడ్డు మీద తారు చెప్పులకు అంటుకుంటోంది. పిల్లలు మామిడికాయలు తప్ప మరేదీ ముట్టడం లేదు.

ఈ ఉత్తరం ఎందుకో మీకు తెలిసే ఉంటుంది, తెలియనట్టు నటించకండి. మా చెల్లెలు జియోనే నకలింబా సంతలోని పోలీసు అవుట్‌పోస్టుకు వెళ్లి మొగుడు వైసన్ మీద ఫిర్యాదు ఇచ్చిందట. ఆ సంగతి నాకు చెప్పింది మేనమామ కాదు, బస్సులో ఎండుచేపల గంపతో వచ్చిన అబితి సైదీ. వైసన్ దాన్ని పొలం గట్టున ఆపి, "ఈ వానలకు నువ్వు మొక్కజొన్న నాటవు" అన్నాడట. అవుట్‌పోస్టులో కానిస్టేబుల్ నవ్వి, "ఇందులో బెదిరింపు ఏముందమ్మా? నువ్వు నాటకపోతే ఇంకొకతె నాటుద్ది. మొరిగే కుక్క కరవదులే, ఇంటికెళ్లు" అన్నాడట.

నేను పోలీసుదాన్ని, మామయ్యా. ఆడవాళ్లు ఫిర్యాదులు తెచ్చే బల్ల దగ్గరే నా ఉద్యోగం. బెదిరింపు ఎంత ప్రమాదమో ఇన్నాళ్లూ ఆ రోజు బల్ల దగ్గరున్నవాడి బుద్ధిని బట్టి తేల్చేవాళ్లం. ఇప్పుడు మా స్టేషన్లో కొత్త కాగితం ఒకటి పెట్టి చూస్తున్నాం. అందులో ప్రశ్నలుంటాయి. జవాబులు కూడితే పచ్చ, పసుపు, ఎరుపు అని తేలుతుంది. ఎరుపైతే బండి కదలాల్సిందే. ఆ కాగితం ఇంకా మీ వైపు రాలేదు, కాబట్టి ఆ ప్రశ్నలు నేనే మిమ్మల్ని అడుగుతున్నాను. ఆ పెళ్లికి మన వైపు పూచీ పడ్డ పెళ్లిపెద్ద మీరే కదా.

అతను దాన్ని కొట్టాడా? తాగుతాడా? చేతిలో ఆయుధం ఏమైనా ఉందా? ఇల్లు వదిలి వెళ్లాడని విన్నాను, గొడవ చేసి వెళ్లాడా, నిమ్మళంగా వెళ్లాడా? సామెతలు లేకుండా జవాబివ్వండి.

ఫోన్ చేద్దామంటే ఊళ్లో ఉన్న ఒక్క ఫోనూ వైసన్ అన్న కొట్లోనే ఉంది. అందుకే మినీబస్సు డ్రైవర్ చేతికి ఉత్తరం ఇస్తున్నాను. జవాబు కూడా అతని చేతికే ఇవ్వండి, ఇంకెవరికీ వద్దు.

మీ మేనకోడలు,
తమందాని

*

చిమ్వాలా,
17 అక్టోబర్

అమ్మాయీ తమందాని,

నేను బాగానే లేచాను. నీ ఉత్తరం చదివాక మాత్రం మళ్లీ పడుకోవాలనిపించింది. ఎత్తుకుని తిప్పిన మేనమామనే విచారిస్తున్నావే! టోపీ పెట్టుకుని రాశావా, తీసి రాశావా?

ముందు ఒక మాట. అబితి సైదీ చేపల కంటే మాటలే ఎక్కువ అమ్ముతుంది. ఆమె తూకం చేపల్లోనే సరిగా ఉండదు, మాటల్లో ఏముంటుంది? ఇంతకీ నీకు ఇంత ఆత్రం ఎందుకో నాకూ కొంచెం తెలుసు. పోయిన ఏడాది వచ్చినప్పుడు, "జియోనే నాతో పట్నంలో ఉంటే పిల్లల్ని చూసుకుంటుంది" అన్నావు. ఆ మాట నేను మరిచిపోలేదు.

సరే, నీ ప్రశ్నలు. కొట్టాడా అంటే, మార్చిలో ఒకసారి కొట్టాడు. అప్పుడు రెండు వైపుల పెద్దలం కూర్చుని తప్పు వేశాం. తాగుడు అందరు మగవాళ్లంతే. ఆయుధం లేదు. వెళ్లడం మాత్రం ఎంత నిమ్మళంగా వెళ్లాడో చూడాల్సింది. గొంతు పెంచలేదు, తలుపు విసరలేదు. ఒంటి మీద చొక్కాతో, ఉత్త చేతులతో వాళ్లమ్మ ఊరికి నడిచి వెళ్లిపోయాడు.

నువ్వు పట్నంలో పడి మరిచిపోయి ఉంటావు గానీ, మనూరికి అల్లుడుగా వచ్చినవాడు పెళ్లి తెంచుకుని పోయేటప్పుడు మూడు వస్తువులు తీసుకుపోతాడు. తన పార, తన గొడ్డలి, తన చాప. వైసన్ మూడూ వదిలి వెళ్లాడు. పారా గొడ్డలీ జియోనే ఇంటి గోడకే ఆనించి ఉన్నాయి, చాప చుట్ట చుట్టి మూలన ఉంది. అంటే ఆ మనిషి మనసు ఇంకా ఇక్కడే ఉందన్నమాట. ధైర్యంగా ఉండు, కాపురం తెగలేదు.

ఆ కానిస్టేబుల్ కూడా సైకిల్ మీద వచ్చి అడిగాడు, "పెద్దాయనా, పెద్దలు చూసుకుంటున్నారా?" అని. చూసుకుంటున్నాం అన్నాను. చూసుకోవడం లేదని ఎలా చెప్తాను, పరువుండొద్దూ?

జియోనేకి మీ అత్త నిన్న గుమ్మడాకు కూర పంపింది. గిన్నె కడిగి పంపింది గానీ మాట పంపలేదు. అలిగినట్టుంది.

మేనమామ,
నమాలంబా

*

లిలాంగ్వే,
26 అక్టోబర్

మామయ్యకు,

ఆయుధం లేదు, నిమ్మళంగా వెళ్లాడు, పెద్దలు చూసుకుంటున్నారు. మీ జవాబులు కూడితే పచ్చ వచ్చింది. మా ఇన్‌స్పెక్టరమ్మ చూసి, "మీ చెల్లెలి సంగతి పచ్చే కదా సార్జెంట్, ఇక నిద్రపో" అంది. నేనూ ఊపిరి పీల్చుకుందామనే అనుకున్నాను.

అయితే నకలింబా అవుట్‌పోస్టుకు ఫోన్ చేశాక అసలు సంగతి తెలిసింది. మీరు "చూసుకుంటున్నాం" అన్న ఆ ఒక్క మాటతో ఫిర్యాదు మూసేశారు! జియోనే రెండోసారి వెళ్తే, "మీ మేనమామ చూసుకుంటున్నాడుగా, మళ్లీ ఎందుకొచ్చావ్?" అని తిప్పి పంపారట. రెండోసారి వెళ్లిందని మీకు తెలుసా? తెలిసీ రాయలేదా?

నాకు అనుమానం వస్తోంది మామయ్యా, దాచుకోలేను. మీ ఇంటి కప్పుకు కొత్త గడ్డి కప్పింది ఎవరు? వైసన్. మీ పొగాకు మోసింది ఎవరు? వైసన్. పూచీ పడ్డది మేనకోడలికి, మొహమాటం అల్లుడితో. మీ ఉత్తరంలో అతని నిమ్మళం గురించి అంత రాశారు, జియోనే గురించి గిన్నె కడిగిందని మాత్రమే రాశారు.

పిల్లల్ని చూసుకోవడానికి నాకు మనిషి దొరక్క చెల్లెలి కాపురం కూలుస్తున్నానని అనుకుంటే, మీకు నేను చెప్పేదేమీ లేదు.

ఇప్పుడు చేయాల్సింది ఇది. జియోనేని సరస్సు పక్కన ఫాలెసి చిన్నమ్మ దగ్గరికి పంపండి. ఈ సంగతి మీకూ నాకూ తప్ప మూడోవాళ్లకు తెలియకూడదు. నేను మళ్లీ అవుట్‌పోస్టుకు ఫోన్ చేసి, వైసన్‌ని పిలిచి గట్టిగా హెచ్చరించమని చెప్తాను.

తమందాని

*

చిమ్వాలా,
4 నవంబర్

సార్జెంట్ గారికి,

ఇక ఇలాగే రాస్తాను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునే రకం కాదు నేను. కప్పుకు గడ్డి వేశాడు, నిజమే. నువ్వు పంపిస్తానన్న రేకులు వచ్చి ఉంటే అతని గడ్డితో నాకేం పని?

నువ్వు చెప్పినట్టే జియోనేని ఫాలెసి దగ్గరికి పంపాను. మీ అత్తకు కూడా చెప్పలేదు, ఆమె ఇంకా నాతో మాట్లాడడం లేదు. నాలుగు రోజులు కాకుండానే వైసన్ అక్కడ తేలాడు! సైకిల్ మీద రెండు కోళ్లు కట్టుకుని, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడట. ఫాలెసికి మోకాళ్ల మీద దణ్ణం పెట్టి, "తప్పయిపోయింది పిన్నీ" అన్నాడట. ఆ తర్వాత వాకిట్లో కూర్చుని పొద్దు వాలేదాకా లోపలి గుమ్మం వైపే చూస్తూ ఉన్నాడట.

ఆ చోటు తెలిసింది ఇద్దరికే. నేను చెప్పలేదు. మరి మిగిలింది ఎవరు? మొగుడితోనో, ఆఫీసులోనో ఎక్కడ నోరు జారావో ఆలోచించుకో.

దాక్కున్న చోటు తెలిసిపోయాక దాక్కోవడం ఎందుకని జియోనే తన ఇంటికే వచ్చేసింది. "ఏమ్మా, ఎలా ఉన్నావ్?" అంటే, "ఉన్నాను మామయ్యా" అంది. అంతే.

మరో మాట. వైసన్ మారాడు. నీకు నచ్చకపోయినా రాస్తాను. తాగుడు మానేశాడు. మొన్న మా ఇంటికి వచ్చి అందరి దగ్గరా పేరుపేరునా క్షమాపణ అడిగాడు. ఎప్పుడో తీసుకెళ్లిన నిచ్చెన తెచ్చిచ్చాడు. ప్రాణంలా చూసుకునే సైకిల్ని వాళ్లక్క కొడుక్కి ఇచ్చేశాడు. "నాకిక దాంతో పనేముంది మామా" అని నవ్వాడు. నాకు కళ్లు చెమర్చాయి. మనిషిలో పశ్చాత్తాపం అంటే అదే.

అయినా నీ దృష్టిలో నేను అల్లుడి మనిషినే. సరే. నువ్వు తెంచమంటే తెంచుతాను. అతని పారా గొడ్డలీ చాపా నేనే మోసుకెళ్లి వాళ్లమ్మ వాకిట్లో పెట్టి, నలుగురి ముందూ పెళ్లి అయిపోయిందని చెప్పి వస్తాను. అప్పుడైనా నమ్ముతావా?

నమాలంబా

*

లిలాంగ్వే,
12 నవంబర్

మామయ్యకు,

నన్ను క్షమించండి. చోటు చెప్పింది మీరు కాదు. ఒక విధంగా నేనే.

వైసన్‌ని హెచ్చరించమని ఫోన్ చేసినప్పుడు, జియోనే సరస్సు పక్కన పిన్ని ఇంట్లో ఉందని ఆ కానిస్టేబుల్‌తో అన్నాను. పోలీసువాడే కదా అనుకున్నాను. ఇవాళ మళ్లీ ఫోన్ చేసి అడిగితే గొప్పగా చెప్పాడు, "గట్టిగా వార్నింగ్ ఇచ్చాను మేడమ్! పాపం నీ భయానికి ఆ పిల్ల సరస్సు కాడ పిన్నింట్లో తలదాచుకుంది, సిగ్గులేదా అని కడిగేశాను!" అని.

ఇంకొకటి, ఇదే ముఖ్యం. మీ ఉత్తరం మళ్లీ మళ్లీ చదివాను. మా కాగితం ప్రకారం క్షమాపణ అడిగితే ప్రమాదం ఒక మెట్టు తగ్గుతుంది. మీ లెక్కలో కూడా తగ్గింది. కానీ అరువు తెచ్చినవన్నీ తిరిగిచ్చేసి, ప్రాణంలాంటి సైకిల్ "నాకిక పనేముంది" అని ఇచ్చేసేవాడు బతకదలచుకున్నవాడేనా? ఒంటరిగా పోదలచుకున్నవాడైతే చిన్నమ్మ వాకిట్లో పొద్దంతా ఎందుకు కూర్చున్నాడు? పారా గొడ్డలీ వదిలి వెళ్లడం మీకు ఆశగా కనిపించింది. నాకు ఆయుధం లేని ఉత్త చేతులుగా కనిపించింది. అది మనిద్దరం అనుకున్నది కాదు. ఆ పెళ్లి తెగిందని అతను ఒప్పుకోలేదు, ఒప్పుకోడు. వానలకు ముందు ఏదో చేస్తాడు.

కాళ్లు పట్టుకుంటాను మామయ్యా, ఆ సామాను తిరిగి ఇవ్వకండి. ముఖ్యంగా గొడ్డలి. దాన్ని మీ మంచం కింద పెట్టుకోండి. పెళ్లి తెంచడం తర్వాత చూద్దాం, ముందు జియోనేని ఊరు దాటించండి. ఎక్కడికో నాకు కూడా చెప్పకండి.

తమందాని

*

చిమ్వాలా,
12 నవంబర్

అమ్మాయీ,

నీ నుంచి జవాబు రాలేదు. మౌనం అంటే ఒప్పుకున్నట్టేనని నేను చేయాల్సింది చేసేశాను. ఇకనైనా మీ మామయ్యను అనుమానించకు.

నిన్న పొద్దున్నే పారా గొడ్డలీ భుజాన వేసుకుని, చాప నెత్తిన పెట్టుకుని వైసన్ వాళ్లమ్మ ఊరికి నడిచాను. ఈ వయసులో ఆ కొండదారి నాకు తేలికేం కాదు. వాళ్ల వైపు పెళ్లిపెద్దను, ఇంకో నలుగురిని పిలిపించి వాకిట్లో మూడూ పెట్టాను. "మా పిల్లకూ మీ పిల్లాడికీ సంబంధం తెగింది, మీ వస్తువులు మీకు ముట్టాయి" అన్నాను.

గొడవ అవుతుందేమోనని భయపడ్డాను గానీ, వైసన్ ఎంత మర్యాదగా ఉన్నాడో! మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులతో అందుకున్నాడు. గొడ్డలి అంచును బొటనవేలితో రాసి చూసి, "మీరు పెద్దమనిషి మామా" అన్నాడు. నాకు మొక్కజొన్న న్సిమా ముద్ద, కోడికూర పెట్టి ఊరి చివరిదాకా సాగనంపాడు.

తిరిగి రాగానే జియోనేకి చెప్పాను. సంతోషిస్తుందనుకున్నాను. అది ఒకే ఒక మాట అడిగింది, "గొడ్డలి కూడా ఇచ్చేశావా మామయ్యా?" అని. "మూడూ ఇవ్వడమే కదమ్మా ఆచారం" అన్నాను. తలూపింది. అన్నం పెట్టింది, నేను తింటున్నంతసేపూ పక్కనే కూర్చుంది. ఇవాళ పొద్దున చూస్తే తలుపు వేసి ఉంది, పొలానికి వెళ్లి ఉంటుంది.

ఉక్కబోతగా ఉంది. మబ్బులు వస్తున్నాయి, పోతున్నాయి.

నీ మామయ్య,
నమాలంబా

*

లిలాంగ్వే,
15 నవంబర్

మామయ్యా,

మీ ఉత్తరం ఇప్పుడే అందింది. నాది మీకు అందే ఉంటుంది. గొడ్డలి మీ చేతులతోనే ఇచ్చి వచ్చారు. ఆయుధం లేదని నేను రాసుకున్న కాగితం ఇంకా నా బల్ల మీదే ఉంది.

అవుట్‌పోస్టుకు ఫోన్ చేస్తే, "మీ లెక్కలో పచ్చే కదా మేడమ్, పైగా బండిలో పెట్రోలు లేదు" అన్నాడు. మీ ఉత్తరాలన్నీ తీసుకెళ్లి ఇన్‌స్పెక్టరమ్మ ముందు పడేశాను. ఆమె కూర్చుని అన్నీ చదివింది. సైకిల్ దగ్గర ఒకసారి ఆగింది, గొడ్డలి దగ్గర లేచి నిలబడింది. తనే జిల్లా కేంద్రానికి ఫోన్ చేసి బండి పంపమని చెప్పింది.

మీరు ఇది చదువుతూ ఉంటే, చదవడం ఆపి జియోనే ఇంటికి పరుగెత్తండి.

తమందాని

*

చిమ్వాలా,
18 నవంబర్

తమందాని,

చేతులు కాలాక అందాయి నీ రెండు ఉత్తరాలూ, ఒకేసారి. డ్రైవర్‌కు మలేరియా వచ్చి బస్సు ఆగిపోయిందట.

వైసన్ పద్నాలుగో తారీకు పొద్దున, ఆడవాళ్లు నీళ్లకు వెళ్లిన సమయంలో వచ్చాడు. చప్పుడు విని మేం పరుగెత్తేసరికి తలుపు రెండు ముక్కలై ఉంది. లోపల జియోనే చాప, దుప్పటి, కుండలు అన్నీ నరికేశాడు. గుమ్మంలో కూర్చుని ఉన్నాడు, గొడ్డలి ఒళ్లో ఉంది. పక్కన పురుగుమందు సీసా ఉంది. నన్ను చూసి, ఎప్పటిలాగే మర్యాదగా అడిగాడు, "మామా, జియోనే ఎక్కడ?"

నాకు తెలియదు. నిజంగా తెలియదు. అప్పటికి రెండు రోజులుగా కనబడకపోతే నువ్వే మనిషిని పంపి పట్నానికి తీసుకెళ్లావనుకున్నాను. నాకు చెప్పకుండా తీసుకెళ్లిందని లోపల తిట్టుకుంటూ తిరిగాను కూడా.

ఊరివాళ్లు అతన్ని పట్టుకుని కట్టేశారు. సీసా లాక్కుని నేలకేసి కొట్టాను. మర్నాడు జిల్లా బండి వచ్చి తీసుకెళ్లింది. వాళ్ల వెనకే మన కానిస్టేబుల్ సైకిల్ మీద వచ్చి, పుస్తకం తీసి, "ఆయుధం ఏమైనా ఉందా?" అని అడిగాడు. మీ అత్త వాడి మీదికి రోకలి ఎత్తింది. నన్ను కూడా అదే చూపు చూసింది.

ఆ గొడ్డలి మోసుకెళ్లిన భుజం నాకు ఇంకా నొప్పిగానే ఉంది. జియోనే నీ దగ్గర ఉందని ఒక్క ముక్క రాయి. ఎక్కడ దాచావని అడగను. ఉందని చెప్పు చాలు.

మామయ్య

*

లిలాంగ్వే,
24 నవంబర్

మామయ్యా,

నా దగ్గర లేదు. మీరే దాచి నాకు చెప్పడం లేదనుకున్నాను. చిన్నమ్మ దగ్గరా లేదు. నేను మనిషిని పంపాను, నేరుగా, ఎవరికీ ఫోన్ చేయకుండా.

ప్రతి ఉదయం ఆస్పత్రుల్లో చేరినవాళ్ల పేర్లు చూస్తున్నాను. ఎందుకో అడగకండి.

ఇన్‌స్పెక్టరమ్మ కాగితం మారుస్తోంది. పెద్దలు చూసుకుంటున్నారంటే ప్రమాదం తగ్గినట్టు కాదని, ఆమె ఉన్న చోటు అతన్ని పిలిచి హెచ్చరించేవాడికి చెప్పకూడదని, సామాను పంచిపెట్టేవాడిని ఎరుపులో వేయాలని రాస్తోంది. ఇంకేమైనా ఉందా అని నన్ను అడిగింది. ఇంకేదో ఉందని అనిపిస్తోంది గానీ నాకు తట్టడం లేదు.

తమందాని

*

చిమ్వాలా,
2 డిసెంబర్

తల్లీ,

బతికే ఉంది. ముందు అది చదువుకుని, కాసేపు ఏడ్చి, తర్వాత మిగతాది చదువు. నేనూ అలాగే చేశాను.

ఇవాళ అబితి సైదీ వచ్చింది. గంప దించి, "కూర్చో పెద్దాయనా, చేపలు కాదు ఇవాళ" అంది. జియోనే ఆ సాయంత్రం నాకు అన్నం పెట్టి, నేను చెయ్యి కడుక్కుని వెళ్లగానే, ఆమె దగ్గరికి నడిచి వెళ్లిందట. ఇన్నాళ్లూ మాటలు అమ్ముతుందని నేను ఆడిపోసుకున్న మనిషి ఇరవై రోజులు ఒక్క మాట జారవిడవలేదు. ఎక్కడుందని అడిగితే నా వైపు చూసి నవ్వింది.

జియోనే చెప్పి పంపిన మాటలు అబితి సైదీ చెప్పినవి చెప్పినట్టే రాస్తున్నాను. నీ కాగితంలో వేసుకుంటావో లేదో నీ ఇష్టం.

"మామయ్యకూ అక్కకూ చెప్పు. అతను కొట్టాడా, తాగాడా, ఎలా వెళ్లాడు, ఏమిచ్చాడు అని వాళ్లిద్దరూ ఒకరినొకరు అడిగారు. నీకెంత భయంగా ఉందని నన్నెవరూ అడగలేదు. అతను ఆ మాట అన్న రోజే నాకు తెలుసు. అడిగితే చెప్పేదాన్ని. నా పార పంపించమను. ఇక్కడ వాన పడింది."

అటక మీద ఉన్న దాని పార దించాను. అతనిది కాదు, దానిదే, మీ అమ్మ ఇచ్చింది. అంచు నూరి, పిడి బిగించి ఇచ్చాను. అబితి సైదీ దాన్ని చేపల గంపకు అడ్డంగా కట్టుకుని లేచింది. ఆమె ఏ దారిన వెళ్తుందో నా కంట పడకూడదని, గోడ వైపు తిరిగి కూర్చున్నాను.

మామయ్య